అరచేతిలో అటక

ఆషాఢమాసంలో మా అనంతపురంలో గాలి వీచదు, తోస్తుంది. రామగిరి కొండలమీద గాలిమరలు నిలబెట్టినవారికి ఆ సంగతి బాగా తెలుసు. నాకూ తెలుసు. అయినా రెండేళ్లకిందట ఒక సాయంత్రం కిటికీ వేయటం మరిచి పనిలో కూర్చున్నాను. పరీక్ష పేపర్ల కట్ట ఎగిరిపోయేటట్టు కనిపించి, పట్టుకుందామని గబుక్కున లేచాను. కాలికి ఏదో తీగలాంటిది తగిలింది. వెనక "టక్" మని చప్పుడు. చిన్న చప్పుడే సుమా! సబ్బుపెట్టె పడితే అంతకంటె ఎక్కువ మోగుతుంది.

పేపర్ల కట్ట ఎగరలేదు. పడినది నా హార్డు డిస్కు.

బల్ల ఎత్తు రెండున్నర అడుగులు. కింద పరచినవి తాడిపత్రి బండలు. డిస్కు నల్లని పెట్టెమీద గీతయినా పడలేదు. తీసి, తుడిచి, మళ్లీ కంప్యూటరుకు తగిలించాను. లోపలనుంచి టిక్కు టిక్కు మని, గోడగడియారానికి జలుబు చేసినట్టు ఒక శబ్దం మొదలైంది. తెరమీద ఏమీ రాలేదు. ఊడదీసి మళ్లీ తగిలించాను. మళ్లీ టిక్కు టిక్కు. అట్లా ఏడెనిమిదిసార్లు చేశాను. ఆ ఏడెనిమిదిసార్లూ నేను చేసినది ఎటువంటి పనో మరునాటికి గాని నాకు తెలియలేదు.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు ఒకడున్నాడు. డిస్కును చెవిదగ్గర పెట్టుకుని విన్నాడు, నాడి చూసే వైద్యుడిలాగా. "ఏం సార్, తిరుగుతా వుండంగ పడిందా, నిలిపేసినాక పడిందా?" అని అడిగాడు. తిరుగుతూండగానే అన్నాను. "పడినాక మళ్లీ తగిలిచ్చినారా?" తగిలించానన్నాను. "ఎన్నితూర్లు?" నేను జవాబు చెప్పలేదు. వాడు డిస్కును నా చేతిలో పెట్టి, "ఇంగ దీన్ని ముట్టుకోవద్దండి సార్" అన్నాడు.

అందులో ఏముందో చెప్పితేగాని ఈ గొడవ మీకు పట్టదు. పదకొండేళ్లుగా సెలవులు దొరికినప్పుడల్లా పల్లెలు తిరిగి నేను పట్టుకున్న పాటలున్నాయి. నిమ్మలకుంటలో రాత్రంతా ఆడిన తోలుబొమ్మలాటలున్నాయి. విద్యార్థుల సిద్ధాంతవ్యాసాలు, మా అమ్మ ఫోటోలు వున్నాయి. అన్నిటికంటె పైన, కళ్యాణదుర్గం దిక్కున ఒక పల్లెలో ఎనభై దాటిన అవ్వ ఒకామె రెండు సాయంత్రాలు కూర్చుని పాడిన పాటలున్నాయి. మొదటి సాయంత్రం తిరగలి పాటలు. రెండోనాడు, ఎవరూ అడగకుండానే, ధాత కరువు పాట ఎత్తుకుంది. ధాత నామ సంవత్సరం అంటే 1876. ఆ ఏడు మొదలై 1878 దాకా సాగిన కరువుకు అప్పటి బళ్లారి జిల్లాలో వున్న ఈ సీమ ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. అనంతపురం జిల్లా అని పేరు పెట్టి విడదీసినది ఆ తర్వాత, 1882లో. అవ్వకు ఆ పాట తన జేజినుంచి వచ్చింది. దాదాపు గంట పాడింది. మరుసటి ఏడే ఆమె పోయింది. ఆ పాట మొత్తంగా తెలిసినవారు ఆ పల్లెలో ఇంకెవరూ లేరు.

ఆ పాటకు వున్న ఒకే ఒక్క పూర్తి ప్రతి బల్ల చివర, కేబులు కాళ్లకు అడ్డంగా వేలాడుతుండగా పెట్టుకున్నాను. "ఊరగాయ జాడీ అయితే ఇట్లా చివరంట పెడతారా?" అని మా ఆవిడ అడిగింది. నేనేం చెప్పగలను?

అప్పుడు పట్టింది నాకు, ఇన్నాళ్లూ జేబులో వేసుకు తిరిగినది ఏమిటో తెలుసుకోవాలన్న ధ్యాస. నా బోటి తెలుగు మేష్టరుకు అర్థమైనంతవరకు చెబుతాను. ఆ కుర్రవాడు పాడైపోయిన పాత డిస్కు ఒకటి మూత విప్పి చూపించాడు. అద్దంలాగా మెరిసే పళ్లెం ఒకటి, దాని మీదికి చాచిన సన్నని చెయ్యి, చెయ్యి కొసన నువ్వుగింజపాటి తల. ఇంతే. చూడగానే గ్రామఫోను గుర్తుకొస్తుంది. కాని గ్రామఫోను ముల్లు పళ్లేనికి ఆనుకుని పోతుంది. ఇది ఆనదు. పళ్లెం తిరిగే వేగానికి పుట్టే గాలిపొరమీద తేలుతుంది. పళ్లేనికీ తలకూ మధ్య ఎడం ఎంతంటే, తలవెంట్రుకను పదివేల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర మందం పట్టదు. ఇక పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90. వెడల్పు రెండున్నర అంగుళాలే అయినా, దాని అంచు గంటకు అరవై కిలోమీటర్లకు మించి పరుగెత్తుతున్నట్టు లెక్క. మా కదిరి బస్సు మంచిరోజున పోయే వేగం అది. అంత వేగంలో, అంత ఎడంలో పోతున్న తల ఒక్క కుదుపుకు పళ్లేన్ని తాకితే ఏమవుతుందో ఊహించుకోండి. పళ్లేనికి పూసిన అయస్కాంతపు పూత గీసుకుపోతుంది. మన అక్షరాలూ పాటలూ వున్నది ఆ పూతలోనే. గీసుకుపోయిన పొడి లోపలే తిరుగుతూ మళ్లీ తలకు అడ్డుపడుతుంది. పడిన డిస్కును నేను తగిలించిన ప్రతిసారీ ఆ గాయాన్ని ఇంకొంచెం గీకానన్నమాట.

నిలిపివేసిన డిస్కు సంగతి వేరు. ఆపగానే తల పళ్లెంమీదనుంచి తప్పుకుని, పక్కనే వున్న చిన్న అరుగెక్కి కూర్చుంటుంది. అప్పుడు కిందపడినా బతికి బయటపడటం కద్దు. కుర్రవాడు మొట్టమొదట ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో చూడండి. నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషికీ, బిందె దించి అరుగుమీద కూర్చున్న మనిషికీ వున్నంత తేడా.

ఈ యంత్రం పుట్టుక కూడా కొంచెం వినదగినదే. 1956లో అమెరికాలో ఐ.బి.యం. వారు మొదటి హార్డు డిస్కును అమ్మకానికి పెట్టారు. దానిలో 24 అంగుళాల పళ్లేలు యాభై. బరువు టన్ను వరకూ వుండేది. ఇంతా చేసి అందులో పట్టినవి యాభై లక్షల అక్షరాలు. ఈనాడు చొక్కాజేబులో పట్టే ఒక టెరాబైటు డిస్కు దానికి రెండు లక్షల రెట్లు. ఇంత ఎట్లా పట్టింది అంటే, మధ్యలో చాలామంది చాలా పనులు చేశారు గాని, ఒకటి మాత్రం చెప్పాలి. పలుచని లోహపు పొరలలో అయస్కాంతం కొద్దిగా మారినా విద్యుత్తు నడక ఎక్కువగా మారుతుందని 1988లో ఫ్రాన్సులో ఆల్బర్టు ఫెర్టు, జర్మనీలో పీటరు గ్రూన్‌బెర్గు విడివిడిగా కనిపెట్టారు. ఇద్దరికీ 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. దానివల్లనే చదివే తల అంత సున్నితమైంది, అక్షరం అంత చిన్నదైంది. అక్షరం చిన్నదైనకొద్దీ ఒక్క గీతలో పోయేది పెద్దదవుతుంది. టన్ను బరువున్న యంత్రాన్ని ఎవరూ కాలితో తన్ని కింద పడేయలేరు గదా!

మా ఊరి దుమ్ము సంగతి అడుగుతారేమో. ఏడాదికి సగటున అయిదువందల యాభై మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. పడమటి కనుమలు మేఘాలను ఆపుకోగా మిగిలినది మాకు. ఎర్రదుమ్ము ఇంట్లోకి పిలవకుండానే వస్తుంది. నేనూ ఆ దుమ్మే డిస్కుకు శత్రువనుకుని, పనిచేస్తున్నంతసేపూ తువ్వాలు కప్పి వుంచేవాణ్ణి. కుర్రవాడు నవ్వాడు. ఈ డిస్కులకు గాలి ఆడటానికి సన్నని రంధ్రం వుంటుందట, దానికి లోపల వడపోత వుంటుందట. మూత విప్పనంతవరకు ఇంటి దుమ్ము పళ్లెం దాకా పోదు. తువ్వాలువల్ల జరిగేది మాత్రం డిస్కు ఉడకటం. తిరిగే యంత్రం వేడెక్కుతుంది, ఆ వేడి పెట్టెలోనుంచి బయటికి పోవాలి. వైశాఖంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, తువ్వాలు కప్పి, దిండుమీద పెట్టి పనిచేయించానంటే నాకు నేనే చెంపలు వేసుకోవాలి. ఎండలో నిలిపిన కారులోగాని, స్కూటరు డిక్కీలోగాని వదిలిపెట్టటం అంతకంటె చెరుపు. దుమ్ము చేరేది బయట కేబులు దూర్చే సందులో. అక్కడ మెత్తని కుంచెతో దులిపితే చాలు.

కేబులు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ చిన్న డిస్కులకు వచ్చే కేబులు పొట్టిది, దాని మూతి పలచనిది, డిస్కులోని సందు అంతకంటె నాజూకైనది. కేబులు పట్టుకుని డిస్కును ఎత్తేవారిని, చెవి పట్టుకుని పిల్లవాణ్ణి ఎత్తేవారిలాగా, నేనిప్పుడు గుర్తుపట్టగలను. సందు వదులైతే మధ్యమధ్యలో విద్యుత్తు తెగుతుంది. రాస్తూండగా తెగితే రాసినది సగంలో ఆగుతుంది. ఫైలు పోవటమే కాదు, ఏ ఫైలు ఎక్కడున్నదో చెప్పే పట్టికే చెడిపోవచ్చు. ఊడదీసేముందు కంప్యూటరుకు చెప్పి ఊడదీయమనేది అందుకు. తెరమీద కాపీ అయిపోయినట్టు కనిపించినా, కంప్యూటరు కొంత చేతిలో పెట్టుకుని నెమ్మదిగా రాస్తూ వుంటుంది. ఇక తీయవచ్చునని అది చెప్పిన తర్వాత కూడా పళ్లెం నిలిచేందుకు పదిక్షణాలు ఆగి అప్పుడు కదిలించాలి. కరెంటు పోయినప్పుడు లాప్‌టాపు అయితే బ్యాటరీమీద నడుస్తుంది. బల్లమీది పెద్ద కంప్యూటరైతే డిస్కుతో సహా చప్పున ఆరిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్ద కంప్యూటరులో కాపీలు పెట్టుకోవటం నేను మానేశాను.

ఇవన్నీ తెలిసినవారు "పళ్లేలు లేని డిస్కు కొనుక్కోరాదా?" అంటారు. ఎస్.ఎస్.డి. అని వస్తున్నవి అవే. వాటిలో తిరిగేదేమీ లేదు, కిందపడినా సాధారణంగా ఏమీ కాదు. రోజూ మోసుకు తిరిగేవారికి అదే మేలని నేనూ ఒప్పుకుంటాను. అయితే అందులో అక్షరం నిలిచేది చిక్కుకున్న విద్యుదావేశంగా. ఏళ్లతరబడి ముట్టుకోకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. పైగా పళ్లెం డిస్కు పోయేముందు చాలాసార్లు గురక పెడుతుంది, టిక్కుమంటుంది. ఇది చప్పుడు లేకుండా పోతుంది. ఏది మంచిదంటే ఏం చెప్పను? మూడేళ్లు, అయిదేళ్లు దాటిన తర్వాత దేన్నయినా కొంచెం అనుమానంగానే చూడవలసి వుంటుంది.

నా డిస్కు సంగతికి వస్తాను. చుట్టాలూ మిత్రులూ తలా ఒక వైద్యం చెప్పారు. ఫ్రిజ్జులో పెట్టమని ఒకరు. ఆ పని చేస్తే చల్లబడిన పళ్లెంమీద తేమ పట్టి వున్నది కూడా పోతుంది. ఇంట్లోనే మూత విప్పి తల సరిచేయవచ్చునని ఒక కాలేజీ కుర్రవాడు. తల తేలే ఎత్తుకు మన ఇంటి దుమ్ము రేణువు కొండంత. చివరకు మెత్తని గుడ్డల మధ్య పెట్టుకుని, ఒళ్లోనే పట్టుకుని, బెంగుళూరు పోయాను. ఇక్కడినుంచి రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఇటువంటివి తెరవటానికి గాలిని వడగట్టిన గది వుంటుంది, ముసుగులు వేసుకుని పనిచేస్తారు. నెల తర్వాత కబురు వచ్చింది. అయిదింట మూడు వంతులు చిక్కాయి. మా అమ్మ ఫోటోలు వచ్చాయి. తోలుబొమ్మలాటలు చాలావరకు వచ్చాయి. కళ్యాణదుర్గం పేరున్న అర తెరిస్తే ఫైళ్ల పేర్లు వున్నాయి, లోపల ఏమీ లేదు. పళ్లెంమీద గీత పడినది అక్కడేనట. పడగానే తీసుకువచ్చి వుంటే ఇంకొంత చిక్కేదేమో అన్నారు. ఆ ముక్క వారు మర్యాదగానే అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు తాళపత్రాల చివర రాయసగాళ్లు రాసుకునే మాటలు గుర్తుకు వచ్చాయి. వెన్నూ నడుమూ మెడా వంగిపోయేటట్టు కష్టపడి రాశానని చెప్పుకుని, ఈ పుస్తకాన్ని నూనెనుంచి కాపాడండి, నీటినుంచి కాపాడండి, వదులు కట్టునుంచి కాపాడండి, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకండి అని వేడుకుంటారు. ఏటా బి.ఏ. పిల్లలకు పాఠం చెబుతూ ఆ మాటల దగ్గర నవ్వించేవాణ్ణి. వదులు కట్టు అంటే కేబులని, మూర్ఖుడంటే ఎవరో దూరపువాడు కాదని అప్పుడు తోచలేదు.

ఆ రాయసగాళ్లకు తెలిసినది ఇంకొకటి వుంది. ఆకుకు పసుపూ నూనే పట్టించి ఎంత భద్రపరచినా దాని ఆయుస్సు దానికి వుంటుందని వారెరుగుదురు. అందుకని కాపాడుతూనే, మరోపక్క తిరగరాస్తూ వుండేవారు. ఒకే కావ్యానికి ఊరూరా ప్రతులు వుండబట్టే, పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌను దొర మా పక్క కడపలో పండితులను కూర్చోబెట్టి, నాలుగు ప్రతులు ఎదురెదురుగా పెట్టుకుని పాఠాలు సరిచూడగలిగాడు. ఆయన కూడబెట్టినవి నేటికీ మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో వున్నాయి. అన్నమాచార్యుల కొడుకు పెద తిరుమలాచార్యుడైతే ఆకును నమ్మక తండ్రి సంకీర్తనలను రాగిరేకులమీదికి ఎక్కించాడు. పడినా పగలని డిస్కు అది! అయినా తిరుమల గుడిలో ఆ రేకులు శతాబ్దాలపాటు చీకటిగదిలో వుండిపోయాయి. ఈనాడు మనకు చిక్కినవి పధ్నాలుగువేల చిల్లర, లెక్క ముప్పైరెండువేలని చెబుతారు.

మన కాలంలోనూ అదే జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రానికి పెద్దదిక్కయిన రాజ్ రెడ్డిగారి పూనికతో పాత పుస్తకాలను ఫోటోలు తీసి అందరికీ అందించే పని ఈ శతాబ్దం మొదట్లో సాగింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని దానికి పేరు. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు అందులో చేరాయి. నా బోటివారం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వుంటుంది గదా అని నిశ్చింతగా వున్నాం. 2017 నాటికి ఆ తలుపు మూతపడింది. అంతకుముందే దింపుకున్న ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరివుండబట్టి, ఎందరో తమ తమ డిస్కుల్లో దాచుకుని వుండబట్టి, ఈనాడు ఆ పుస్తకాలు మనకు మిగిలాయి.

వేరుశనగ వేసే మా రైతు నాకంటె తెలివైనవాడు. విత్తనాన్ని గింజగా దాచడు, కాయగానే దాచి, విత్తేముందు ఒలుస్తాడు. వాన మొహం చాటేసి మొదట విత్తినది మాడిపోతే మళ్లీ విత్తటానికి ఇంకొంత అట్టేపెట్టుకుంటాడు. నేను ఇప్పుడు పాట పట్టిన రోజునే మూడుచోట్ల పెడుతున్నాను. ఒకటి పళ్లెం డిస్కులో, ఒకటి పళ్లెం లేనిదానిలో, మూడోది మా ఇంటి కప్పుకింద కాక వేరేచోట. డిస్కుమీద కొన్న నెల, ఏడు రాసిన చీటీ అంటిస్తున్నాను. బల్లమీద గోడవైపున పెట్టి, కేబులును వెనకనుంచి తిప్పుతున్నాను. కిటికీ వేస్తున్నాను.

అవ్వ పాట పోయిందని చెప్పటానికి ఆ పల్లెకు పోక తప్పలేదు. అవ్వ మనుమడు అంతా విని, లోపలికి పోయి తెర పగిలిన పాత సెల్‌ఫోను ఒకటి తెచ్చాడు. ఆ రోజుల్లో అతను అడిగితే ఒక కార్డులో ఎక్కించి ఇచ్చిన సంగతి నేను పూర్తిగా మరచిపోయాను. తిరగలి పాటలన్నీ వున్నాయి. రెండోనాటి పాట మాత్రం సగం. కార్డులో చోటు చాలలేదు, చాలకపోతే పోనీలే, పూర్తి ప్రతి నా దగ్గర వుంది గదా అని ఆనాడు నేనే అన్నానట.

వున్నదాన్ని మూడు ప్రతులు తీశాను. ఒకటి ఆ ఇంట్లోనే స్టీలు డబ్బాలో, తేమ పీల్చే చిన్న పొట్లం వేసి పెట్టాను. ఊరికే దాచితే చాలదు, ఉగాదికొకసారి తీసి తగిలించి వినాలని మనుమడికి చెప్పాను. ఈ ఉగాదినాడు సాయంత్రం ఫోను చేశాడు.

"బాగనే పాడతాంది సారూ అవ్వ," అన్నాడు. "ఎద్దులమ్మిన కాడికొచ్చి నిలిచిపోతాంది."